రికార్డులో ఉన్న రంగు

పూజారిగారు కారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ మూడో చెయ్యి తిప్పుతుండగా భార్గవ జేబులో ఫోను మోగింది. అతని చేతుల్లో కొబ్బరికాయ ఉంది, చంకలో బంతిపూల దండ ఉంది. వకుళే జేబులోంచి ఫోను తీసి అతని చెవి దగ్గర పెట్టింది. పెళ్లయి నలభై రెండు రోజులే అయింది కాబట్టి, భర్త జేబులో చెయ్యి పెట్టడం ఆమెకి ఇంకా చిన్న పండగలాగే ఉంది.

"ప్రమాణాల పరిశీలన సంస్థ ఎస్టేట్ ఆఫీసు నుంచి. మీ వాహనానికి క్వార్టర్స్ ఆవరణలో స్థలం మంజూరైంది. పన్నెండున్నరలోగా వాహనాన్ని గేటు దగ్గర భౌతికంగా హాజరు పరచాలి. లేకపోతే మంజూరు రద్దు."

ఫోను పెట్టేశారు. భార్గవ కొబ్బరికాయతో సహా వకుళని పట్టుకుని ఒక చుట్టు తిప్పబోయి, గుడి ముందు ఉన్నామని గుర్తొచ్చి కొబ్బరికాయని మాత్రం గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు.

భార్గవ ఉద్యోగం ఆ సంస్థలోనే, కాపురం ఆ క్వార్టర్స్‌లోనే. కాబట్టి అది మామూలు వార్త కాదు. స్థలం దొరక్కపోతే కారు గేటు బయట రోడ్డు మీద ఉండాలి. కాకినాడ శివార్లలో ఆ రోడ్డుకి ఒక పక్క సముద్రం, ఉప్పుగాలి. రెండో పక్కనుంచి సిమెంటు లారీలు. అక్కడ నెల రోజులు నిలబడిన కారుకి చర్మవ్యాధి వచ్చినట్టు రంగు పొలుసులుగా లేస్తుంది. ఈ కారు రంగేమో పందొమ్మిది రోజులు ఆలోచించి ఇద్దరూ కలిసి ఎంచుకున్నది. మామూలు తెలుపు కాదు. సాయంత్రం ఎండలో చూస్తే, కాచిన పాల మీద కట్టిన తెట్టులా కాస్త మెరుపున్న తెలుపు. అందుకే వకుళ దానికి మీగడ అని పేరు పెట్టింది. పెళ్లి తర్వాత ఇద్దరూ కలిసి కొన్న మొదటి వస్తువు అది. అంతకుముందు ఒక పప్పుగుత్తి కొన్నారు గానీ దాన్ని వస్తువుల్లో లెక్కపెట్టలేదు.

"పంతులుగారూ, కాస్త తొందరగా," అన్నాడు భార్గవ. "నలభై నిమిషాలే ఉంది."

"తొందర అంటే ఎంత తొందర నాయనా?"

"గేటు మూసేసేలోగా అక్కడ ఉండాలండి."

పూజారిగారు నాలుగో చెయ్యి గీయడం మానేసి, పళ్లెంలో మిగిలిన పసుపునీళ్లు మొత్తం ఒక్కసారే బానెట్ మీద గుమ్మరించారు. ఐదు ధారలు బంపర్ దాకా దిగాయి. కుంకుమ గిన్నె పట్టుకుని కారు చుట్టూ పరిగెత్తినట్టే నడిచి, ఎక్కడ దొరికితే అక్కడ బొట్లు పెట్టారు. దండ అద్దం ముందు వేలాడింది. నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పచ్చడయ్యాయి. మీగడ కాకినాడ వీధుల్లో పెళ్లికూతురిలా తడితడిగా పరిగెత్తింది.

గేటు దగ్గర ఎస్టేట్ అధికారి పాండురంగారావుగారు ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన కాపలాదారు వీర్రాజు.

"రంగు?" అన్నారు పాండురంగారావుగారు.

"తెలుపండి," అంది వకుళ.

"మీరు చెప్పకూడదమ్మా. యజమాని చెప్పే రంగు అభిప్రాయం. సిబ్బంది చూసే రంగు వాస్తవం. మా నియమావళి ఒక్కటే. చూసింది చూసినట్టు నమోదు చెయ్యాలి. వీర్రాజూ, చూడు."

వీర్రాజు కారు చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి వచ్చాడు. "తెలుపండి. ముందు మీద పసుపు చారలు ఐదండి. ఎర్ర బొట్లు పదకొండండి. బంతిపూల దండ ఒకటండి."

"దండ కూడా రాస్తారా సార్?" అని భార్గవ నవ్వాడు.

"దండ కంటికి కనబడుతోందా, లేదా?"

"కనబడుతోందండి."

"మరి?"

పాసు అక్కడికక్కడే టైపు చేసి, ప్లాస్టిక్ తొడుగు వేసి ఇచ్చారు. స్థలం ఇరవై మూడో నంబరు, నేరేడు చెట్టు కింద. తెలుపు, పసుపు చారలు ఐదు, ఎర్ర బొట్లు పదకొండు, బంతిపూల దండ ఒకటి. వకుళకి ఆ వాక్యం ఎంత ముద్దొచ్చిందంటే ఫోటో తీసి వాళ్లమ్మకి పంపింది. వాళ్లమ్మ చూసి, ఇంత భక్తి ఉన్న ఆఫీసు ఈ రోజుల్లో ఎక్కడ ఉందే అని మురిసిపోయింది.

*

వకుళ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. కుంకుమలో వేసే రంగు ఎండకి కాగితే కారు పై పూతలోకి ఇంకిపోతుందనీ, నిమ్మరసం ఆ పూతని కొరుకుతుందనీ ఆమెకి తెలుసు. భక్తికి ఒక పూట చాలు, పెయింటుకి అంతకంటే ఎక్కువ ప్రమాదం అనుకుని ఆ సాయంత్రమే కడగడం మొదలుపెట్టింది. భార్గవ రెండో అంతస్తు నుంచి బకెట్లు మోశాడు. మెత్తటి పాత ధోవతి ముక్కతో, చంటిపిల్లకి నీళ్లు పోసినట్టు కడిగారు. మీగడ మళ్లీ మీగడైంది. అందులో తమ ముఖాలు కనిపిస్తున్నాయా లేదా అని ఇద్దరూ వంగి చూసుకుని, కనిపించాయని తృప్తిపడ్డారు.

మర్నాడు పొద్దున భార్గవ ఆమెని కాలేజీలో దింపడానికి బయల్దేరాడు. కారులో మొదటి ప్రయాణం. వకుళ కొత్త చీర కట్టుకుంది. గేటు దగ్గర వీర్రాజు అడ్డకర్ర ఎత్తలేదు.

"పాసు చూపించండి బాబుగారూ." చూశాడు. కారుని చూశాడు. మళ్లీ పాసు చూశాడు. "ఇది ఈ కారు కాదండి."

"ఏంటి వీర్రాజూ, నిన్న నువ్వే కదా చూశావు?"

"నేను చూసిన కారుకి చారలున్నాయండి. బొట్లున్నాయి. ఇది తెల్ల కారు. ఇది లోపలికి రాలేదండి."

"మరి లోపలే ఉంది కదా."

"అదేనండి నాకూ అర్థం కావట్లేదు. రాని కారు బయటికెలా వెళ్తుందండీ? రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?"

"నంబరు ప్లేటు చూడవయ్యా," అంది వకుళ.

"నంబరు మనిషి రాసిందండి అమ్మగారూ. ఎవడైనా రాస్తాడు. రంగు కంటికి కనపడేదండి. పెద్దసారు అలాగే చెప్పారు." అతనికి నిజంగానే బాధగా ఉంది. మెమో రాసేటప్పుడు పెన్ను మెల్లగా కదిపాడు. "ఇది మొదటిదండి. మూడు వస్తే కారుని బయటికి పంపేస్తారు. జాగ్రత్తండి."

కొత్త చీరలోనే వకుళ బస్సెక్కింది.

*

పాండురంగారావుగారి గదిలో గోడంతా పాసుల నకళ్లు వేలాడుతున్నాయి. ఆయన మెమో రెండు వైపులా చదివి బల్ల మీద పెట్టారు.

"సదరు వాహనం రికార్డుకి భిన్నంగా కనబడింది. తప్పు వాహనానిది."

"సార్, అది పూజ చేసిన పసుపండి. కడిగేశాం. పాసులో ఒక్క ముక్క మారిస్తే సరిపోతుంది," అన్నాడు భార్గవ. అతను ఆ సంస్థలోనే తూనికల విభాగంలో పనిచేస్తాడు కాబట్టి మరీ గట్టిగా మాట్లాడలేకపోయాడు.

"రికార్డు మార్చాలంటే వర్ణ సవరణ సంఘం సమావేశం కావాలి."

"ఎప్పుడు జరుగుతుందండి?"

"సంఘం అధ్యక్షుడు రిటైరయ్యారు. కొత్త అధ్యక్షుణ్ణి సంఘమే ఎన్నుకోవాలి. సంఘాన్ని సమావేశపరిచే అధికారం అధ్యక్షుడికే ఉంది." ఆయన ఇది కొత్తగా పుట్టిన శిశువు జాతకం చెబుతున్నంత ప్రశాంతంగా చెప్పారు. "కాబట్టి ప్రస్తుతం రికార్డు మారదు. మారదగినది వాహనం ఒక్కటే. దాన్ని రికార్డుకి అనుగుణంగా తెచ్చుకోండి."

"అంటే రోజూ పసుపు రాయాలా?" అంది వకుళ.

"రాయాలి అని నేను చెప్పలేదమ్మా. కనబడాలి అన్నాను."

"సార్, పసుపూ కుంకుమా ఎండలో ఉంటే పెయింటు పాడవుతుందండి. మచ్చలు పోవు."

పాండురంగారావుగారి ముఖం మొదటిసారి వెలిగింది. "మచ్చలు పోకపోతే మంచిదే కదమ్మా. రికార్డు స్థిరంగా ఉంటుంది."

ఇద్దరూ బయటికొచ్చి మెట్లు దిగుతున్నారు. సగం దిగాక వకుళ, "భార్గవా, నాకు ఏడుపొస్తోంది, కానీ నవ్వు ముందొస్తోంది. ఏం చెయ్యను?" అంది. నలుగురిలో మీరు, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అని వాళ్ల ఒప్పందం. మెట్ల మీద ఎవరూ లేరు.

"నవ్వు ముందు కానిచ్చెయ్," అన్నాడు అతను.

ఆమె నవ్వింది. తర్వాత సీరియస్‌గా, "మీగడ మీద మచ్చ పడనివ్వను," అంది. "రోడ్డు మీదికీ పోనివ్వను. రెండూ."

*

మర్నాడు ఎవరూ లేవకముందే పని కానిద్దామని తెల్లవారుతూనే కిందికి దిగారు. వకుళ చేతిలో పసుపు డబ్బా, కుంకుమ భరిణె, కొబ్బరినూనె సీసా. ముందు బానెట్ మీద పల్చగా నూనె రాసి, దాని మీద పసుపు పూస్తే పెయింటుకి అంటదని ఆమె పథకం. భార్గవ చేతిలో బంతిపూల దండ.

కింద చూస్తే ఆవరణంతా జనం.

ఒకాయన కారు మీద చీపురుతో ఆకులు పోస్తున్నాడు. ఒకావిడ మగ్గుతో నల్ల కారు మీద నీళ్లు చల్లుతోంది, కడగడానికి కాదు, తుడవడానికి కాదు, ఊరికే చల్లుతోంది. ఆమె కారు మొదటిసారి వచ్చిన రోజు వాన పడిందట. పాసులో నలుపు, తడి అని ఉందట. ఎప్పుడు బయటికెళ్లాలన్నా ముందు తడపాలి, మళ్లీ లోపలికి వచ్చేటప్పుడు గేటు బయట ఆపి తడపాలి. డిక్కీలో ఎప్పుడూ ఒక బిందె ఉంటుంది.

ఇరవై రెండో నంబరు దగ్గర తెల్లగడ్డం పెద్దాయన లుంగీ పైకి మడిచి, బకెట్‌లో ఎర్రమట్టి కలుపుతున్నారు. తూనికల విభాగంలో భార్గవకి పైఅధికారి, ఇస్మాయిల్ గారు.

"రా అమ్మాయ్, రా. మీ కారు కొత్తగా లోపలికొచ్చిందని విన్నాను," అన్నారాయన, గోడకి సున్నం వేసినంత తేలిగ్గా కారు తలుపు మీద మట్టి పూస్తూ. "మాది ఎర్రమట్టి రంగు. కారు కొన్న రోజున రంపచోడవరం వైపు పోయి వచ్చాం. వర్షంలో దారంతా బురద. సరాసరి గేటుకొచ్చాం. అప్పటి వాచ్‌మన్ కూడా చూసింది చూసినట్టే రాశాడు."

"ఎన్నాళ్ల నుంచి పూస్తున్నారండి?" అంది వకుళ.

"పదకొండేళ్లు."

"రోజూనా?"

"ఆదివారం రెండు పూతలు." ఆయన వెనక్కి జరిగి తన పనితనం చూసుకున్నారు. "మొదట్లో కోపం వచ్చేది. తర్వాత చెయ్యి తిరిగింది. మట్టి ఎక్కడిదైనా పనికిరాదమ్మా. ఇక్కడి ఇసకమట్టి నిలవదు. బంధువులు వచ్చినప్పుడల్లా ఒక బస్తా తెమ్మంటాను. మిఠాయి తెస్తామంటారు. వద్దు, మట్టి తెండి అంటాను. నాకు ఏదో అయిందని మా బావమరిది అనుకుంటున్నాడు."

"ఎవరూ ఎదురు తిరగలేదా బాబాయ్ గారూ?"

"తిరిగారు. ఒకతను కోర్టుకి వెళ్తానన్నాడు. కారు వేసుకుని బయల్దేరాడు. గేటు దాటనివ్వలేదు."

వకుళ నూనె రాసింది. భార్గవ పసుపులో వేలు ముంచి చారలు గీశాడు. మూడోది వంకర వచ్చింది. "పాసులో వంకర అని లేదు," అంటూ ఆమె చెరిపి మళ్లీ గీయించింది. పదకొండు బొట్లు లెక్కపెట్టి పెట్టింది, పన్నెండోది భార్గవ ముక్కు మీద పెట్టింది. దండ కట్టారు. గేటు దగ్గర వీర్రాజు వేలితో గాల్లో లెక్కపెట్టుకుని, సంతోషంగా కర్ర ఎత్తాడు. మీగడ రోడ్డెక్కింది. ఆ ఒక్క ప్రయాణంలో వకుళ నాలుగు పాటలు పాడింది, రెండు భార్గవతో పాడించింది.

అయితే పసుపుకి ఎండంటే పడదు. మధ్యాహ్నానికి రంగు వెలిసి, బూజు పట్టిన బియ్యప్పిండిలా మిగిలింది. పైగా కింద నూనె ఉంది కాబట్టి చారలు మెల్లగా జారి బంపర్ మీద ఒకచోట చేరాయి. రెండు పూటలా తనిఖీ. భార్గవ ఆఫీసు మధ్యలో పరిగెత్తుకొచ్చి, వీర్రాజు వచ్చేలోగా పాతది కడిగేసి కొత్తది పూద్దామనుకున్నాడు. నూనె పోవడానికి బట్టలసబ్బు పొడి వేశాడు. అతనికి కెమిస్ట్రీ రాదు.

సబ్బు తగలగానే మిగిలిన పసుపంతా పారాణిలా ఎర్రగా మారింది. భార్గవ ఇంకాస్త సబ్బు వేశాడు. ఇంకాస్త ఎర్రబడింది. వీర్రాజు వచ్చేసరికి బానెట్ మీంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి, పక్కన అతను రెండు చేతులూ ఎర్రగా చేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం జరిగిందండి బాబుగారూ?" అన్నాడు వీర్రాజు, ఒక అడుగు వెనక్కేసి.

రెండో మెమో ఇలా వచ్చింది. సదరు ఉద్యోగి తనకు మంజూరైన పసుపును ఉద్దేశపూర్వకంగా ఎరుపుగా మార్చినందున, రికార్డులోని ఎరుపు పరిమితి పదకొండు బొట్లకు మించినందున, తగు వివరణ ఇవ్వవలెను. సాయంత్రం వకుళ చదివి, వివరణ తనే రాసింది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని, నిమ్మరసం వేస్తే తిరిగి వస్తుందని, సమీకరణంతో సహా. పాండురంగారావుగారు ఆ కాగితం మీద, రసాయనశాస్త్రం ఈ కార్యాలయ పరిధిలో లేదు అని రాసి తిప్పి పంపారు. చివర్లో ఇంకో వాక్యం ఉంది. ఇకపై వాహనాన్ని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుపూటలా రికార్డుకి అనుగుణంగా ఉంచవలెను.

"డాక్టరు మందు రాసినట్టు రాశారు," అన్నాడు భార్గవ.

"భోజనానికి ముందా తర్వాతా అడగాల్సింది," అంది వకుళ. ఆ తర్వాత కాసేపు ఇద్దరూ కిటికీలోంచి మీగడ వంకే చూశారు. కుంకుమ పడిన చోట, ఎడమవైపు దీపం పైన, వేలిగోరంత గులాబీ మచ్చ అప్పటికే మిగిలిపోయింది. వకుళ అప్పుడు నవ్వలేదు.

*

ఆ వారమే సంస్థ వర్ణ పరిరక్షణ వారోత్సవం ప్రకటించింది. ఆరుబయట నిలిపే వాహనాల రంగును కాపాడటం ఎలా అన్నది విషయం. వకుళ ఆ నోటీసు చదివి ఆశపడింది. ఎవరికో ఒకరికి బుద్ధి పుట్టిందనుకుంది.

వారోత్సవం నాడు మైదానంలో పెద్ద షామియానా వేశారు. దాని కింద డైరెక్టర్ గారు, కుర్చీలు, కూల్‌డ్రింకులు. షామియానా బయట, చెట్టు నీడ కూడా లేని చోట, ఆవరణలోని కార్లన్నీ వరసగా. తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా ఎండలో అలాగే ఉండాలి. మట్టి కారు, తడి కారు, ఆకుల కారు, పసుపు కారు. నల్ల కారావిడ అప్పటికే నాలుగో బిందె కుమ్మరిస్తోంది.

"సార్, షామియానా కార్ల మీద వేస్తే బాగుండేదేమో," అన్నాడు భార్గవ.

"నీడలో రంగు ముదురుగా కనబడుతుంది," అన్నారు పాండురంగారావుగారు. "తనిఖీ న్యాయంగా జరగదు."

ఆయన చేతిలో కొత్త అట్ట ఉంది. సంస్థ ప్రయోగశాల పద్నాలుగు పేజీల నివేదికతో పాటు తయారుచేసిన ప్రామాణిక పసుపు పట్టిక అది. తొమ్మిది గళ్లు. గడప పసుపు, చామంతి పసుపు, పెళ్లిబట్ట పసుపు, పులిహోర పసుపు, అలా. భార్గవ కారుకి ఏడో గడి, పులిహోర నిర్ణయించారు. ఆయన అట్టని బానెట్ పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "ఉంది," అన్నారు. వకుళ ఊపిరి పీల్చుకుంది. పొద్దున మూడు పూతలు పూసింది మరి.

డైరెక్టర్ గారు మాట్లాడారు. "రంగు అనేది పై పూత కాదు. అది రికార్డు. పెయింటు వెలిసిపోవచ్చు, రికార్డు వెలవదు. కనుక రికార్డును కాపాడితే రంగును కాపాడినట్టే. ఈ సూత్రాన్ని దేశంలో మొదటిసారి అమలు చేస్తున్నది మన సంస్థ." చప్పట్లు పడ్డాయి. ఎండలో ఒక కారు అలారం దానంతట అది మోగింది. దాన్ని కూడా చప్పట్లలో కలిపేశారు.

సందేహాలుంటే అడగమన్నారు. వకుళ లేచింది.

"ఎండలో ఉండే కారుకి గుడ్డ తొడుగు వేస్తే రంగు పాడవదు కదండీ. ఇక్కడ ఎవరూ వేసుకోరేం?"

డైరెక్టర్ గారు పాండురంగారావుగారి వైపు చూశారు. ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. "మంచి ప్రశ్న. తొడుగు వేస్తే వాహనం గుడ్డ రంగులో కనబడుతుంది. ఈ ఆవరణలో గుడ్డ రంగు వాహనం ఏదీ నమోదు కాలేదు. నమోదైన రోజున అభ్యంతరం లేదు. పైగా అప్పుడు తొడుగు తియ్యడమే నేరమవుతుంది." ఆయన తన హాస్యానికి తనే కొద్దిగా నవ్వి కూర్చున్నారు.

సరిగ్గా ఆ సమయంలో నేరేడుపళ్లు తిని వచ్చిన కాకి ఒకటి వరస మీదుగా ఎగిరింది. కార్లు పదిహేడు ఉన్నాయి. అది మీగడనే ఎంచుకుంది.

వీర్రాజు దగ్గరికి వెళ్లి చూశాడు. వంగి చూశాడు. "తెలుపు కొంత ఉందండి, అది పాసులో ఉంది," అన్నాడు ఆశగా. "కానీ ఊదా ఎక్కువుందండి."

"ఊదా పాసులో ఉందా?" అన్నారు పాండురంగారావుగారు.

"లేదండి."

మూడో మెమో, దాంతో పాటే బహిష్కరణ ఉత్తర్వు, అక్కడే షామియానా కింద డైరెక్టర్ గారి చేతుల మీదుగా అందజేశారు. వేదిక ఎక్కి తీసుకోమన్నారు. ఫోటోగ్రాఫరు అలవాటుగా, కాస్త నవ్వండి అన్నాడు.

*

మధ్యాహ్నం మూడింటికి కారు గేటు బయట ఉప్పుగాలిలో నిలబడింది. భార్గవ మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కనే వకుళ ఉత్తర్వు చదువుతోంది. పరీక్ష పేపర్లు దిద్దినట్టు చివరి పేజీ చివరి వాక్యం దాకా చదివే అలవాటు ఆమెది. ఇస్మాయిల్ గారు ఓదార్చడానికి వచ్చి నిలబడ్డారు. వీర్రాజు కూడా గేటు వదిలి వచ్చాడు, ఆ కాకిని తనే తోలి ఉండాల్సిందని అతని బాధ.

"ఎన్నాళ్లు?" అన్నారు ఇస్మాయిల్ గారు.

"ఒక రోజంట," అన్నాడు భార్గవ. "తర్వాత ఏంటో."

"తర్వాత ఏంటో నేను చదువుతాను," అంది వకుళ. ఆమె గొంతులో ఏదో మారింది. "బహిష్కరణ కాలం ముగిసిన వాహనం యొక్క పాత పాసు రద్దు కాగా, సదరు వాహనం కొత్త వాహనంగా పరిగణింపబడి, గేటు వద్ద మొదట కనబడిన రూపంలోనే తిరిగి నమోదు చేయబడును."

భార్గవ తలెత్తాడు. "అంటే కడిగి తీసుకొస్తే తెలుపు అని రాస్తారు."

"రాస్తారు. మళ్లీ ఎండ, మళ్లీ కాకి, మళ్లీ మెమో. కడిగి తీసుకురాం. కడిగి, తుడిచి, తొడుగు వేసి తీసుకొస్తాం. బజార్లో బూడిదరంగు గుడ్డది మంచిది దొరుకుతుంది, లోపల మెత్తటి పొర ఉంటుంది. వీర్రాజూ, ముసుగేసుకున్న కారు గేటు దగ్గరికి వస్తే ఏం రాస్తావు?"

వీర్రాజు ఆలోచించాడు. "గుడ్డ కనబడితే గుడ్డేనండి. బూడిదరంగు గుడ్డ, కింద తాళ్లు ఎన్నుంటే అన్ని. కాకపోతే లోపల ఉన్నది కారో కాదో..."

"అది అభిప్రాయం వీర్రాజూ."

"అవునండి," అన్నాడు వీర్రాజు, తప్పు దిద్దుకున్నవాడిలా.

"ఇక ఆవరణలో ఎప్పుడూ తొడుగు తియ్యకూడదు. తీస్తే మెమో. పాండురంగారావుగారు అందరి ముందూ చెప్పారు."

"మరి నడపడం ఎలా? ముసుగులోంచి దారి కనబడదు," అన్నాడు భార్గవ.

"గేటు దాటేదాకా నడపం, తోస్తాం. గేటు నుంచి మన స్థలానికి అరవై అడుగులు. నువ్వు లోపల కూర్చుని స్టీరింగు పట్టుకో. నేను పక్కన నడుస్తూ చెబుతాను. కుడికి అంటే కుడికి తిప్పాలి. ఎందుకూ అనకూడదు." ఇస్మాయిల్ గారు ఉన్నారని మర్చిపోయి నువ్వు అనేసింది.

"పెళ్లిలో పంతులుగారు చెప్పించింది కూడా దాదాపు ఇదే," అన్నాడు భార్గవ. అతని ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. "రేపు మూడింటికి గడువు అయిపోతుంది. నాలుగింటికి లోపలికి తోసేద్దాం."

ఇస్మాయిల్ గారు గడ్డం నిమురుకుంటూ నిలబడ్డారు. "అమ్మాయ్, ఈ బహిష్కరణ ఎవరికైనా ఇస్తారా?"

"మూడు మెమోలు ఉంటే చాలండి."

"నాకు పదకొండేళ్లలో ఒక్కటీ లేదు," అన్నారాయన, మొదటిసారి తన మంచితనానికి చింతిస్తూ.

"ఎంతసేపు బాబాయ్ గారూ. కారు కడిగేసి గేటు దగ్గరికి వెళ్లండి. వీర్రాజు ఆపి ఒక మెమో రాస్తాడు. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లండి. మూడుసార్లు తిరిగితే పది నిమిషాల పని. ఎల్లుండికి మీరూ గుడ్డ రంగు."

ఈలోగా మెట్ల దగ్గర జనం చేరారు. తడి కారావిడ చేతిలో ఖాళీ బిందెతోనే వచ్చింది. ఆకుల ఆయన చీపురు కింద పెట్టాడు. వకుళ ఇంకో రెండు మెట్లు పైకెక్కి, కాలేజీలో చివరి బెంచీకి వినబడేలా చెప్పింది. రేపు పొద్దున్న ఏడింటికి అందరూ బకెట్లతో కిందికి రావాలి. సబ్బుపొడి వాడొద్దు, మెత్తటి గుడ్డలే. ఏడున్నరకల్లా ప్రతి కారూ దాని సొంత రంగులో ఉండాలి. ఎనిమిదింటి నుంచి గేటు దగ్గర వరస, ఒక్కొక్కరికి మూడు తిరుగుళ్లు.

"పదహారు కార్లండి, నలభై ఎనిమిది మెమోలు," అన్నాడు వీర్రాజు. "ఇప్పుడే వెళ్లి ఆఫీసులో రెండు పుస్తకాలు తెచ్చుకుంటాను."

భార్గవ ఎర్రమట్టి కారు వైపు చూశాడు. పొర మీద పొర, గోడంత మందాన ఉంది. పదకొండేళ్లుగా ఎండ తగలని పెయింటు ఈ ఆవరణలో అదొక్కటే కావచ్చు. "ఇంతకీ మీది అసలు ఏ రంగండి?"

ఇస్మాయిల్ గారు కూడా కళ్లు చికిలించి అటే చూశారు.

"నీలమని నేనంటాను బాబూ. కాదు, ఆకుపచ్చని మా ఆవిడంటుంది. అప్పట్నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం." లుంగీ సరిచేసుకుని ఇంటివైపు కదిలారు. "రేపు ఏడింటికి ఆవిణ్ణి కూడా కిందికి తీసుకొస్తాను. మొదటి బకెట్ తనే పోస్తుంది."